పేగు అతుకు దగ్గర ఇరుకైతే స్టెంట్ ఎందుకు? ఎన్నాళ్ళు?

మన ఇళ్ళలో స్టెంట్ అంటే గుండెకు వేసేదే. "మా బావగారికి రెండు స్టెంట్లు పడ్డాయి" అనగానే అందరికీ అర్థమైపోతుంది: వేశారు, ఇక అవి జీవితాంతం లోపలే ఉంటాయి. అందుకే పెద్దపేగు ఆపరేషన్ అయిన మనిషికి డాక్టరుగారు "అతుకు దగ్గర పేగు సన్నబడింది, అవసరమైతే స్టెంట్ వేద్దాం" అన్నప్పుడు ఇంటిల్లిపాదీ ఆ లెక్కలోనే ఆలోచిస్తారు. ఈ స్టెంట్ లెక్క వేరు. క్యాన్సర్ లేని ఇరుకుకు పేగులో వేసే స్టెంట్ కొన్ని వారాలు ఉండి బయటికి రావలసిన వస్తువు. మొదట చేసే వైద్యం కూడా ఇది కాదు. చాలామందికి దీని అవసరమే రాదు. అవసరమైన కొద్దిమందికి మాత్రం ఇంకో పెద్ద ఆపరేషన్ తప్పే దారి ఇదే కావచ్చు. ఈ తేడా తెలియక కొందరు అనవసరంగా భయపడతారు. ఇంకొందరు తీయించుకోవలసిన స్టెంట్‌ను అలాగే వదిలేస్తారు, అది మరీ ప్రమాదం.

ఈ సమస్య ఎక్కువగా మలాశయ క్యాన్సర్ ఆపరేషన్ అయినవారిలో కనిపిస్తుంది కాబట్టి వారినే దృష్టిలో పెట్టుకుని ఈ జవాబులు.

ఆపరేషన్ బాగా జరిగిందన్నారు. మరి పేగు ఎందుకు సన్నబడింది?

మలాశయంలో గడ్డ ఉంటే సర్జన్ ఆ భాగాన్ని తీసేసి, పైనున్న పెద్దపేగు కొసను కిందికి దించి, కింద మిగిలిన మలాశయానికి అతుకుతారు. నడుము ఎముకల మధ్య అంత లోతున చేత్తో కుట్లు వేయడం చాలా కష్టం. మగవారిలో ఆ చోటు మరీ ఇరుకు. అందుకని ఇప్పుడు ఎక్కువగా గుండ్రటి స్టేప్లర్ వాడుతున్నారు. దాన్ని మలద్వారం గుండా పంపి నొక్కితే రెండు వరుసల టైటానియం పిన్నులు ఒక్కసారిగా దిగి రెండు కొసల్నీ కలిపేస్తాయి. అదే క్షణంలో లోపలి కత్తి మధ్యలో గుండ్రంగా కోసి దారి ఇస్తుంది. స్టేప్లర్ తల వెడల్పు సాధారణంగా 28 నుంచి 33 మిల్లీమీటర్లు. దారి అంతకంటే కొంత తక్కువ ఉంటుంది.

ఇక అక్కడి నుంచి పని శరీరానిది. ఏ గాయమైనా మచ్చ కట్టే మానుతుంది. మచ్చ మొదట్లో మెత్తగా ఉండి, వారాలు గడిచేకొద్దీ గట్టిపడి దగ్గరకు లాక్కుంటుంది. చేతి మీది గాయమైతే గీత మిగులుతుంది, అంతే. పేగు అతుకు చుట్టూ తిరిగిన గాయం కనుక అది ముడుచుకుంటే మధ్యలోని దారి తగ్గుతుంది. ఈ ముడుచుకోవడం కొంత అందరిలోనూ ఉంటుంది. కొందరిలో మితిమీరుతుంది.

మితిమీరడానికి కారణాలు ఒకదానితో ఒకటి ముడిపడి ఉంటాయి. గడ్డతోపాటు దానికి రక్తం తెచ్చే నాళాలనూ కట్టేయాలి కాబట్టి కిందికి దించిన పేగు కొసకు కొన్నిసార్లు రక్తం చాలినంత అందదు. రక్తం తక్కువైన చోట మచ్చ ఎక్కువ కడుతుంది. అతుకు దగ్గర లీకై, చుట్టూ చీము చేరి, అది మెల్లగా మానిన చోట మరీ గట్టి మచ్చ మిగులుతుంది. ఆపరేషన్‌కు ముందు కరెంటు పెట్టించుకున్నవారిలో, అంటే రేడియేషన్ తీసుకున్నవారిలో, ఆ ప్రాంతపు కణజాలం ముందే దెబ్బతిని ఉంటుంది.

ఇంకొకటి చాలామందికి తట్టదు. లీకు భయంతో సర్జన్లు కొన్ని నెలలపాటు చిన్నపేగును పొట్ట మీదికి తెచ్చి సంచి పెడతారు. లీకైనా కడుపులో మలం నిండి ప్రాణం మీదికి రాకుండా కాపాడేది ఆ సంచే. అది పెట్టడం సరైన పనే. కానీ అన్నాళ్ళూ అతుకు గుండా మలం వెళ్ళదు. నడవని దారిలో గడ్డి మొలిచినట్టు, రోజూ సాగదీసే మలం లేక అతుకు మూసుకురావడం మొదలవుతుంది. కొందరిలో అది పలచటి పొరలా అడ్డంగా అల్లుకుంటుంది. సంచి తీసి పేగును లోపల పెట్టేముందు కొలనోస్కోపీ గానీ, కిందనుంచి మందు ఎక్కించి తీసే ఎక్స్‌రే గానీ చేయడానికి ఒక కారణం ఇదే.

స్టేప్లర్ బదులు చేత్తో కుడితే ఈ బాధ ఉండేది కాదా?

కొంత నిజం. రెండు పద్ధతులనూ పోల్చిన అధ్యయనాలన్నిటినీ ఒకచోట చేర్చి చూసిన కాక్రేన్ సమీక్షలో స్టేప్లర్ అతుకుల్లో 100కి సుమారు 8, చేతి కుట్లలో సుమారు 2 ఇరుకైనట్టు తేలింది. ఆ ఇరుకులన్నీ బాధ పెట్టేవి కావు. పరీక్షలో కనిపించి ఊరుకున్నవీ వాటిలో ఉన్నాయి. ఇంకో సంగతి కూడా గుర్తుపెట్టుకోవాలి. 1908లో లండన్ సర్జన్ ఎర్నెస్ట్ మైల్స్ ప్రచురించిన పద్ధతిలో మలాశయంతోపాటు మలద్వారాన్ని కూడా తీసేసి పొట్టమీద శాశ్వతంగా పేగు ద్వారం పెట్టేవారు. దశాబ్దాల తరబడి మలాశయ క్యాన్సర్‌కు అదే గతి. సోవియట్ యూనియన్‌లో స్టేప్లర్ల వాడకాన్ని 1958లో కీవ్‌లో చూసిన అమెరికా సర్జన్ మార్క్ రావిచ్ ఆ పరికరాలను తన దేశానికి పరిచయం చేశారు. 1970ల చివరికి గుండ్రటి స్టేప్లర్ విరివిగా అందుబాటులోకి వచ్చింది. మరీ కింద ఉన్న గడ్డలు తీసి కూడా పేగును తిరిగి కలపడం ఎంతోమందికి సాధ్యమైంది దానివల్లే. కాబట్టి ఇరుకైనంత మాత్రాన మీ సర్జన్ ఏదో తప్పు చేశారని అనుకోనక్కర్లేదు.

ఇరుకైందని ఎలా తెలుస్తుంది?

చాలావరకు ఆపరేషన్ అయిన మొదటి ఏడాదిలోనే బయటపడుతుంది. మోషన్ సన్నగా, ముక్కలు ముక్కలుగా వస్తుంది. వెళ్ళి వచ్చినా ఇంకా మిగిలిపోయినట్టే ఉంటుంది. ముక్కవలసి వస్తుంది. సాయంత్రానికి పొట్ట ఉబ్బుతుంది, పట్టేసినట్టు నొప్పి వచ్చి, గ్యాస్ పోయాక తగ్గుతుంది.

తికమక పెట్టేది ఇంకో రూపం: రోజుకు పది పన్నెండు సార్లు కొంచెం కొంచెంగా, పలచగా వెళ్ళడం. విరేచనాలు పట్టుకున్నాయనుకుని మందుల షాపులో లోపెరమైడ్ కొనుక్కుని వేసుకుంటారు. నిజానికి ఇరుకు వెనక గట్టి మలం నిలిచిపోయి, దాని పక్కనుంచి నీళ్ళు మాత్రమే జారుతూ ఉండవచ్చు. అలాంటప్పుడు ఆ మాత్ర పేగును ఇంకా బిగిస్తుంది. మరోవైపు మలాశయం తీసేసినవారిలో ఇరుకు ఏమీ లేకపోయినా మలం నిల్వ ఉంచుకునే చోటు పోయినందువల్ల మాటిమాటికీ వెళ్ళవలసి రావడం, ఆపుకోలేకపోవడం ఉంటాయి. ఈ రెండింటినీ లక్షణాలతో విడదీయలేం. డాక్టరుగారు వేలితో పరీక్షించాలి, లోపలికి చూడాలి.

ఇక్కడే మనవాళ్ళు ఆలస్యం చేస్తారు. మోషన్ గురించి కొడుకుతోనో కోడలితోనో చెప్పుకోవడం నామోషీ. ఫాలో అప్‌కు వెళ్ళినప్పుడు డాక్టరు "ఎలా ఉంది?" అంటే "బాగానే ఉందండీ" అనేసి వచ్చేస్తారు. వెంట వెళ్ళినవారైనా చెప్పాలి: రోజుకు ఎన్నిసార్లు వెళుతున్నారు, ఎంత సన్నగా వస్తోంది, ఎంతసేపు కూర్చుంటున్నారు. ఆ మూడు మాటలతో డాక్టరు ఆలోచన సరైన దారిలో పడుతుంది.

గ్యాస్ కూడా పోకుండా పొట్ట బిగుసుకుని, వాంతులు అవుతుంటే అది పేగు మూసుకుపోయిన లక్షణం. అప్పుడు ఇంట్లో ఆముదం, విరేచనాల మాత్రలు, ఎనిమా ఏదీ ప్రయత్నించకుండా అత్యవసర విభాగానికి వెళ్ళాలి.

క్యాన్సర్ మళ్ళీ వచ్చి ఇరుకైంది కాదని ఎలా నమ్మాలి?

ఈ ప్రశ్న మీరు అడగకపోయినా డాక్టరు తనను తాను అడుగుకోవలసిందే. దీనికి జవాబు దొరక్కుండా స్టెంట్ దాకా వెళ్ళకూడదు. కొలనోస్కోపీలో మచ్చ నునుపుగా, తెల్లగా, గుండ్రంగా కనిపిస్తుంది. పుండు, గడ్డ, వంకరటింకర అంచు ఉంటే అనుమానించాలి. ఎలా కనిపించినా ముక్క తీసి బయాప్సీకి పంపుతారు. అయితే తిరగబెట్టే క్యాన్సర్ చాలాసార్లు పేగు గోడ బయట మొదలై లోపలికి నొక్కుతుంది. లోపలి పొర నుంచి తీసిన ముక్కలో అది దొరకకపోవచ్చు. అందుకే బయాప్సీ బాగున్నా సీటీ గానీ ఎమ్మారై గానీ తీస్తారు, రక్తంలో క్యాన్సర్ జాడ చెప్పే సీఈఏ పరీక్ష చేసి పాత విలువలతో పోలుస్తారు. మొదటి నెలల్లోనే సన్నబడిన అతుకు మచ్చవల్ల కావడానికే అవకాశం ఎక్కువ. రెండేళ్ళు సాఫీగా సాగి ఉన్నట్టుండి సన్నబడితే మాత్రం క్యాన్సర్ కాదని తేలేదాకా వదలకూడదు.

సరే, మచ్చే అని తేలింది. వెంటనే స్టెంట్ వేస్తారా?

వేయరు. అతుకు మలద్వారానికి దగ్గరగా, వేలికి అందేంత కింద ఉంటే వేలితోనే మెల్లగా వెడల్పు చేయవచ్చు, లేదా హేగార్ డైలేటర్లు అనే నునుపైన లోహపు కడ్డీలతో చేస్తారు. వాటిని సన్నదాంతో మొదలుపెట్టి ఒక్కొక్క సైజే పెంచుతూ పోతారు. పలచటి పొరలాంటి ఇరుకు కొన్నిసార్లు ఒక్కసారికే విడిపోతుంది.

కొంచెం పైన ఉన్నవాటికి బెలూన్. ఎండోస్కోప్ గుండా ముడుచుకున్న బెలూన్‌ను ఇరుకులోకి పంపి, నీళ్ళు నింపి, ఒత్తిడిని కొలుస్తూ ఉబ్బిస్తారు. ఒకటి రెండు నిమిషాలు అలాగే ఉంచి తీసేస్తారు. సాధారణంగా 18 నుంచి 20 మిల్లీమీటర్ల దాకా తీసుకువెళతారు. మరీ బిగుసుకున్న ఇరుకును ఒకే రోజు అంత సాగదీయరు, పేగు చిరిగే ప్రమాదం ఉంది. రెండు మూడు వారాలకోసారి పిలిచి కొంచెం కొంచెం పెంచుతారు. పొట్టిగా ఉన్న ఇరుకుల్లో ఎక్కువ భాగం ఇలా ఒకటి నుంచి మూడు విడతల్లో దారికి వస్తాయి. బెలూన్‌కు లొంగని గట్టి అంచును సన్నటి కరెంటు కత్తితో నాలుగు వైపులా గాట్లు పెట్టి వదులు చేయడం ఇంకో పద్ధతి. మచ్చలోకి స్టెరాయిడ్ ఇంజెక్షన్ ఇవ్వడమూ ఉంది.

ఇవి చాలినవారికి స్టెంట్ ప్రస్తావనే రాకూడదు. ఎవరైనా మొదటి రోజే స్టెంట్ అంటే "బెలూన్ ఎందుకు కుదరదండీ?" అని నిస్సంకోచంగా అడగండి. సరైన కారణం ఉంటే డాక్టరుగారు చెప్పగలరు.

అయితే స్టెంట్ ఎవరికి?

బెలూన్ వేసిన ప్రతిసారీ కొన్నాళ్ళు బాగుండి మళ్ళీ సన్నబడిపోతున్నవారికి. ఇరుకు ఒక పొరలా కాకుండా కొన్ని సెంటీమీటర్ల పొడవున సాగినవారికి. లీకు మానిన చోట రాయిలా గట్టిపడినవారికి. వయసు, గుండె జబ్బు, ముందే జరిగిన ఆపరేషన్ల మూలంగా మళ్ళీ పొట్ట కోయడం మంచిది కానివారికి.

దీని వెనక ఆలోచన ఇది. బెలూన్ మచ్చను నిమిషాల్లో సాగదీసి వెళ్ళిపోతుంది. సాగిన మచ్చ మళ్ళీ దగ్గరకు లాక్కుంటుంది. స్టెంట్ రాత్రింబగళ్ళు, వారాల తరబడి ఒకే తీరుగా బయటికి ఒత్తుతూ ఉంటుంది. మచ్చ కణజాలం ఎప్పుడూ పాతది కరిగి కొత్తది కడుతూనే ఉంటుంది కనుక, ఆ కట్టేదేదో వెడల్పైన దారి చుట్టూ కట్టుకోవాలన్నది ఆశ. ఆశ అంటున్నాను, ఎందుకంటే అందరిలోనూ ఇది ఫలించదు. ఆ సంగతి కిందికి వస్తుంది.

గుండెకు వేసే స్టెంట్‌కూ దీనికీ తేడా ఏమిటి?

గుండె రక్తనాళంలో వేసేది సుమారు 3 మిల్లీమీటర్ల గొట్టం. దాన్ని బెలూన్‌తో ఉబ్బించి గోడకు అంటిస్తే కొద్ది నెలల్లో నాళపు లోపలి పొర దాని మీద పెరిగి తనలో కలిపేసుకుంటుంది. అందుకే అది శాశ్వతం. పేగు స్టెంట్ 20 మిల్లీమీటర్లు, అంతకు మించి వెడల్పుగా ఉంటుంది. దాన్ని నిటినాల్ తీగతో అల్లుతారు. నికెల్, టైటానియం కలిసిన ఈ లోహం గుణాలు అమెరికా నౌకాదళపు పరిశోధనశాలలో 1959 ప్రాంతంలో బయటపడ్డాయి. సన్నటి గొట్టంలో నొక్కి పెట్టినా, వదలగానే తన పాత ఆకారానికి తిరిగి వస్తుంది. కాబట్టి దీన్ని ఉబ్బించనక్కర్లేదు, తానే విప్పుకుంటుంది. పూర్తిగా విచ్చుకోవడానికి ఒకటి రెండు రోజులు పడుతుంది.

అసలైన తేడా పూతలో ఉంది. క్యాన్సర్ గడ్డ పేగును మూసేసినప్పుడు వేసేది ఉత్త తీగ స్టెంట్. గడ్డ ఆ అల్లిక కళ్ళలోంచి లోపలికి చొచ్చుకుని స్టెంట్‌ను కదలకుండా పట్టేస్తుంది. అక్కడ కావలసిందీ అదే. మచ్చవల్ల వచ్చిన ఇరుకులో అలాంటిది వేస్తే కణజాలం అల్లుకుపోయి మళ్ళీ తీయడం గగనమవుతుంది. ఏళ్ళు బతకవలసిన మనిషికి అది కొత్త జబ్బు. అందుకని క్యాన్సర్ లేని ఇరుకుకు పై నుంచి కింది దాకా సిలికాన్ లాంటి పూత ఉన్న స్టెంట్ మాత్రమే వేయాలి. పూత ఉంటే పేగు దానికి అతుక్కోదు, తీయడం సులువు. అతుక్కోకపోవడమే దాని బలహీనత కూడా: జారిపోతుంది.

ఇంకో రెండు రకాలున్నాయి. ఆపరేషన్ దారాలకు వాడే పాలీడయాక్సనోన్‌తో అల్లిన స్టెంట్ ఆరు నుంచి ఎనిమిది వారాలు ఒత్తిడి నిలుపుకుని, దాదాపు మూడు నెలలకు కరిగిపోతుంది, తీయనక్కర్లేదు. అదీ జారుతుంది, దాని పట్టు లోహమంత ఉండదు. రెండోది పొట్టిగా, రెండు కొసలా వెడల్పు అంచులతో ఉండే స్టెంట్. క్లోమం దగ్గరి నీటితిత్తులను జీర్ణాశయంలోకి కలపడానికి తయారుచేసిన దీన్ని పొట్టి ఇరుకులకు కూడా వాడుతున్నారు. అంచులు రెండు వైపులా పట్టుకుంటాయి కనుక జారడం తక్కువ. కానీ ఒక సెంటీమీటరు మించిన ఇరుకుకు పొడవు చాలదు.

ఎలా వేస్తారు? నొప్పి ఉంటుందా?

పొట్ట కోయరు. ముందు పేగు శుభ్రం చేయాలి. ఇరుకు ఎక్కువగా ఉన్నవారికి మామూలు కొలనోస్కోపీకి ఇచ్చినట్టు లీటర్ల కొద్దీ మందు నీళ్ళు తాగించకూడదు, పైనుంచి వచ్చింది దిగే దారి లేక పొట్ట ఉబ్బుతుంది. వారికి కిందనుంచి ఎనిమాతో శుభ్రం చేస్తారు. తేలికపాటి మత్తు ఇస్తారు. కొలనోస్కోప్‌తో ఇరుకు దాకా వెళ్ళి, దాని గుండా సన్నటి తీగ పంపి, ఎక్స్‌రే తెరమీద చూస్తూ ఆ తీగ వెంట ముడుచుకున్న స్టెంట్‌ను తోస్తారు. ఇరుకుకు రెండు వైపులా సమంగా నిలిచాక తొడుగు వెనక్కి లాగుతారు. చాలావరకు గంటలోపే పని అవుతుంది. మర్నాడు ఒక ఎక్స్‌రే తీసి విచ్చుకుందో లేదో చూస్తారు.

మొదటి రెండు మూడు రోజులు పొట్టలో పట్టేసినట్టు నొప్పి, బరువు ఉండటం మామూలే. అతుకు మలద్వారానికి మరీ దగ్గరగా ఉంటే స్టెంట్ కింది అంచు సున్నితమైన చోట ఒరుసుకుని నిలవనీయదు, కూర్చోనీయదు. ఎప్పుడూ మోషన్ వస్తున్నట్టే ఉంటుంది. అందుకే మలద్వారం నుంచి 5 సెంటీమీటర్లలోపు ఉన్న ఇరుకులకు స్టెంట్ వేయడానికి వైద్యులు సాధారణంగా ఇష్టపడరు. అక్కడ వేలు, డైలేటర్లు, గాట్లే మేలు.

పేగు చిరగడం అరుదు, కానీ వస్తే ప్రాణం మీదికి వస్తుంది. తగ్గని నొప్పి, జ్వరం, రాయిలా బిగిసిన పొట్ట, ఆగని రక్తం: వీటిలో ఏది కనిపించినా తెల్లవారేదాకా ఆగకండి. బెవాసిజుమాబ్ అనే ఇంజెక్షన్ క్యాన్సర్‌కు వాడుతున్నవారిలో ఈ ప్రమాదం ఎక్కువ. స్టెంట్ వేసేవారూ కీమో ఇచ్చేవారూ వేర్వేరు ఆసుపత్రులవారైతే ఈ మందు సంగతి ఇద్దరికీ చేరేలా చూడవలసింది ఇంటివాళ్ళే. లీకు ఇంకా మానకుండా చీము ఉన్నప్పుడు దాని సంగతి ముందు చూడాలి.

జారిపోతుందన్నారు. జారితే ఏమవుతుంది?

పేగు ఎప్పుడూ కదులుతూ లోపలున్నదాన్ని కిందికి తోస్తూనే ఉంటుంది, అది దాని స్వభావం. నునుపైన పూత ఉన్న గొట్టం ఆ తోపుకు నిలవాలంటే ఇరుకు దాన్ని గట్టిగా పట్టుకోవాలి. ఇరుకు విడివడేకొద్దీ ఆ పట్టు సడలుతుంది. 2013లో వెలువడిన ఒక ఫ్రెంచి అధ్యయనంలో ఎక్కువగా ఇలాంటి అతుకు ఇరుకులే ఉన్న 43 మందికి పూర్తి పూత ఉన్న స్టెంట్లు వేస్తే పదింట ఆరు జారిపోయాయి. పదిమందిలో ఎనిమిది మందికి మొదట్లో ఉపశమనం కలిగింది, కానీ తరవాత సగానికి పైగా మళ్ళీ సన్నబడ్డాయి. 20 మిల్లీమీటర్లకంటే సన్నటి స్టెంట్లు వేసినవారిలో తిరగబెట్టడం ఎక్కువ. నా మట్టుకు ఈ అధ్యయనం ముఖ్యమైనది, ఎందుకంటే రోగికి ముందుగా చెప్పవలసిన నిజం ఇందులో ఉంది: స్టెంట్ వేశారంటే సమస్య తీరిపోయినట్టు కాదు.

జారిన స్టెంట్ సాధారణంగా మోషన్‌లో బయటికి వచ్చేస్తుంది. అలా వస్తే కంగారు పడకండి, కవరులో వేసి డాక్టరు దగ్గరకు తీసుకువెళ్ళండి. ముక్క ఏదైనా లోపల మిగిలిందా అని చూస్తారు. ఆ పాటికే దారి వెడల్పై ఉంటే మళ్ళీ వేయనక్కర్లేకపోవచ్చు. పైకి కదిలినా, అడ్డం తిరిగినా కొలనోస్కోప్‌తో పట్టి లాగవలసి ఉంటుంది. జారకుండా అంచులను క్లిప్పులతోనో, ఎండోస్కోప్‌తో వేసే కుట్లతోనో బిగించే పద్ధతులు ఉన్నాయి. అవి జారడాన్ని తగ్గిస్తాయి, పూర్తిగా ఆపలేవు.

పేగుల్లో వాపు తెచ్చే క్రోన్స్ జబ్బుకు ఆపరేషన్ చేసి కలిపిన చోట సన్నబడితే?

అక్కడ మచ్చతోపాటు జబ్బు కూడా పనిచేస్తూ ఉంటుంది కనుక ముందు మందులతో దాన్ని అదుపు చేయాలి. స్పెయిన్‌లో 80 మంది క్రోన్స్ రోగులను రెండు జట్లు చేసి ఒక జట్టుకు బెలూన్, ఇంకో జట్టుకు పూత స్టెంట్ వేసి ఏడాది చూశారు; 2022లో ఫలితాలు వచ్చాయి. ఏడాదిలో మళ్ళీ ఏ చికిత్సా అవసరం పడనివారు బెలూన్ జట్టులో 80 శాతం, స్టెంట్ జట్టులో 51 శాతం. 3 సెంటీమీటర్లకు మించిన ఇరుకుల్లో మాత్రం రెండూ ఇంచుమించు సమానంగా పనిచేశాయి. అంటే పొట్టి ఇరుకుకు బెలూనే, స్టెంట్ గురించి ఆలోచించేది పొడవైన ఇరుకులోనే.

స్టెంట్ ఉన్నన్నాళ్ళూ ఏం తినాలి?

మలం మెత్తగా ఉండాలి, పీచు తక్కువ ఉండాలి. మెత్తగా వండిన అన్నం, పెసరపప్పు కట్టు, పెరుగు, ఇడ్లీ, ఉప్మా, తొక్క తీసిన సొరకాయ, బీరకాయ, గుడ్డు, చేప బాగా నమిలి తినవచ్చు. మునగకాడలు, గోంగూర, కాడలతో వండిన తోటకూర, మొక్కజొన్న, పనస తొనలు, గింజలతో జామపండు ఆ కొన్ని వారాలూ వద్దు. కొబ్బరి ముక్క కూడా వద్దు. నీళ్ళు ఎక్కువ తాగాలి.

మలబద్ధకానికి అలవాటుగా వాడే ఈసబ్‌గోల్ ఇక్కడ పనికిరాదు. అది నీళ్ళు పీల్చి ఉబ్బి ఇరుకు దగ్గర ముద్దగా అడ్డుపడగలదు. బదులుగా డాక్టరుగారు లాక్టులోజ్ సిరప్ గానీ, మాక్రోగాల్ పొడి గానీ రాస్తారు. ఎనిమా సొంతంగా పెట్టుకోవద్దు. ఎమ్మారై తీయించుకోవలసి వస్తే లోపల స్టెంట్ ఉందని అక్కడి సిబ్బందికి ముందే చెప్పి, దాని కార్డు చూపించాలి.

ఎప్పుడు తీస్తారు? తీశాక మళ్ళీ సన్నబడితే?

మామూలుగా నాలుగు నుంచి ఎనిమిది వారాల మధ్య. అంతకంటే ముందే తీస్తే మచ్చ కుదురుకోదు. అంతకు మించి ఉంచితే స్టెంట్ రెండు కొసల దగ్గర పేగు పొర ఒరుసుకుని పుండు పడుతుంది, లేదా కండ పెరిగి అంచును కప్పేస్తుంది. పూత చిరిగితే తీగల్లోకి కణజాలం అల్లుకుంటుంది. తీయడం వేయడంకంటే సులువు: అంచున ఉన్న దారపు ఉచ్చును ఎండోస్కోప్‌తో పట్టి లాగితే ముడుచుకుని వచ్చేస్తుంది. కడుపు తేలికైంది, మోషన్ బాగా అవుతోంది కనుక ఇంకొన్నాళ్ళు ఉంచుకుందాం అని వాయిదా వేసుకున్నవారికి ఆ సులువైన పని కష్టమవుతుంది.

తీశాక మొదటి కొన్ని నెలలు జాగ్రత్తగా గమనించాలి. మళ్ళీ సన్నబడితే బెలూన్, గాట్లు, ఇంకో స్టెంట్ ఇవన్నీ ఇంకా అందుబాటులోనే ఉంటాయి. ఏదీ నిలవకపోతే అతుకును తీసేసి కొత్తగా కలిపే ఆపరేషన్ ఉంది. ఒకసారి కోసి, కరెంటు పెట్టిన చోట మళ్ళీ చేయడం కష్టమైన పని. అలాంటివి తరచూ చేసే సర్జన్ దగ్గరకు వెళ్ళడం మంచిది. కొందరు ఇన్నిసార్లు ఆసుపత్రికి తిరగడంకంటే సంచితోనే ఉంటామని కోరుకుంటారు. ఆ కోరికనూ డాక్టరు, ఇంటివాళ్ళు గౌరవించాలి. సంచితో పొలం పని, ఉద్యోగం, పెళ్ళిళ్ళు, ప్రయాణాలు అన్నీ చేసుకుంటున్నవారు మన చుట్టూ ఉన్నారు.

ఆసుపత్రి నుంచి వచ్చేముందు ఏమేమి అడగాలి?

వేసింది పూర్తి పూత ఉన్న స్టెంటేనా, ఎంత వెడల్పు, ఎంత పొడవు, మలద్వారం నుంచి ఎంత దూరంలో ఉంది: ఇవి డిశ్చార్జి సమ్మరీలో రాయించుకోండి. రాత్రివేళ ఇబ్బంది వస్తే వేరే ఊళ్ళో చూసే డాక్టరుకు ఆ నాలుగు వివరాలే ఆధారం. ఆరోగ్యశ్రీ లాంటి పథకం కింద ఆపరేషన్ చేయించుకున్నవారు బెలూన్‌కు, స్టెంట్‌కు, తిరిగి తీయడానికి కూడా అనుమతి వస్తుందా అని ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్రను ముందే కనుక్కోవాలి. వేయడానికి డబ్బు సర్దుకుని, తీయడానికి లేక ఆగిపోయే పరిస్థితి రాకూడదు. అన్నిటికంటే ముందు, స్టెంట్ తీసే తేదీని అక్కడే ఖాయం చేయించుకుని, ఆ కాగితం మీదే పెద్ద అక్షరాలతో రాయించుకుని, రోగితోపాటు ఇంట్లో ఇంకొకరి ఫోన్‌లో కూడా పెట్టుకోండి.